గోల్డ్‌బాక్ ఊహని క్లాసులో ‘నిజం’ అని చెప్పేయొచ్చా?

కోడర్‌బాబు: 2 కంటే పెద్దదైన ఏ సరి సంఖ్యనైనా రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయొచ్చు. 1742లో గోల్డ్‌బాక్ ఆయిలర్‌కి రాసిన ఉత్తరంతో మొదలైన మాట ఇది. కంప్యూటర్లతో 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత దాకా చూశారు, ఒక్కటంటే ఒక్కటీ తప్పలేదు. ఇంకా పిల్లల ముందు ‘నిరూపణ కాలేదు’ అని నసగడం దేనికి?

గణితప్రియ: ఎందుకంటే ఆ గోల్డ్‌బాక్‌దే ఇంకో ఊహ కూలిపోయింది కాబట్టి. ప్రతి బేసి సంఖ్యా ఒక ప్రధాన సంఖ్యకి ఏదో ఒక వర్గానికి (0 అయినా సరే) రెట్టింపు కలిపితే వస్తుందన్నాడు. ఆయిలర్ 2,500 దాకా సరిచూశాడు, అన్నీ కుదిరాయి. 1856లో స్టెర్న్ 5,777 దగ్గర పట్టుకున్నాడు. అది కుదరదు, 5,993 కూడా కుదరదు. ‘ఇంతదాకా చూశాం’ అనే మాటకి గణితంలో విలువ అంతే.

బేసిసంఖ్య: అంతే అంటే ఒప్పుకోను ప్రియ గారూ. 10ని రెండు రకాలుగా రాయొచ్చు: 3+7, 5+5. 100కి ఆరు: 3+97, 11+89, 17+83, 29+71, 41+59, 47+53. 1,000కి 28, 10,000కి 127. మధ్యలో హెచ్చుతగ్గులున్నా మొత్తంమీద దారులు పెరుగుతూనే పోతున్నాయి. అన్ని దారులూ ఒకేసారి మూసుకుపోయే సంఖ్య ఎక్కడో ఉందంటే నమ్మబుద్ధి కాదు.

కోడర్‌బాబు: అదే కదా నేననేది! పైగా మూడు ప్రధాన సంఖ్యల విషయంలో కంప్యూటర్ లెక్కని నిరూపణలో భాగంగానే తీసుకున్నారుగా?

గణితప్రియ: తీసుకున్నారు, కానీ ఎలా తీసుకున్నారో చూడండి. 5 దాటిన ప్రతి బేసి సంఖ్యా మూడు ప్రధాన సంఖ్యల మొత్తమని 2013లో హెల్ఫ్‌గాట్ చూపించాడు. 1 పక్కన 27 సున్నాలున్న సంఖ్య నుంచి పైన ఉన్నవాటన్నిటికీ తర్కంతో నిరూపణ ఇచ్చాడు. కింద మిగిలినవాటికే కంప్యూటర్. పైన అడ్డుగోడ ఉంది కాబట్టి కింద లెక్కపెట్టడానికి అర్థముంది. రెండు ప్రధాన సంఖ్యల దగ్గర ఆ గోడే లేదు. చెన్ 1973లో చాలా దగ్గరికొచ్చాడు: తగినంత పెద్ద సరి సంఖ్య ఏదైనా ఒక ప్రధాన సంఖ్య, దానికి మహా అయితే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం కలిపినంత. ఆ ‘రెండు’ని ‘ఒకటి’ చేయడం ఇప్పటికీ ఎవరి వల్లా కాలేదు. నమ్మకం నాకూ ఉంది. నమ్మకమనే చెబుదాం, నిజమని కాదు.

బేసిసంఖ్య: ఇది ఒప్పుకుంటాను. 5,777ని పిల్లలతోనే చేయించండి. అది 53×109, కాబట్టి 0 కలిపితే కుదరదు. 2 తీసేస్తే 5,775, ఐదుతో పోతుంది. 8 తీసేస్తే 5,769, మూడుతో పోతుంది. 18 తీసేస్తే 5,759, అంటే 13×443. ఇలా 53 తీసివేతలు చాలు, ఒక్క పీరియడ్ పని.