మేడ మీద సోలార్: ఎర్తింగ్, హెచ్చరిక పలకలు మీ ఇళ్ళలో ఎలా ఉన్నాయి?

ఖమ్మం_మేడ:
సూర్యఘర్ పథకం కింద మా ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. కరెంటు బాగానే వస్తోంది. కానీ బట్టలు ఆరేయడానికి మేడెక్కిన అమ్మకు ప్యానెల్ అంచు తగిలి చెయ్యి చిమచిమలాడింది. ఎర్త్ గుంతలు రెండే తవ్వారు. మూడోది, అంటే పిడుగు కడ్డీది, ఏదని అడిగితే, "పక్కన సెల్ టవర్ ఉంది కదా, పిడుగు పడితే దాని మీదే పడుతుంది" అన్నాడు కాంట్రాక్టరు. ఏ పెట్టె మీదా ఒక్క స్టిక్కరు కూడా లేదు. డబ్బు ఇంకా పూర్తిగా చెల్లించలేదు. ఏమేమి అడగాలో చెప్పండి.

తీగల_మేస్త్రి:
ముందు ఇన్వర్టర్ (ప్యానెళ్ళ డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే పెట్టె) దగ్గర ఏసీ బ్రేకరు, ఆ తర్వాత డీసీ స్విచ్చి ఆపండి. ఆపినా సరే, ప్యానెళ్ళ దగ్గరికి ఎవరినీ వెళ్ళనివ్వకండి. ఇప్పుడు ఇళ్ళకు పెడుతున్న ఇన్వర్టర్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. అలాంటి వాటిలో ప్యానెల్ నుంచి ఫ్రేముకు కొద్దిపాటి లీకేజీ సహజంగానే ఉంటుంది. ఎర్త్ సరిగా అందితే అది నేలలోకి పోతుంది. అందకపోతే ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. తీగ ఎక్కడైనా ఒరుసుకుపోయి ఉంటే ఇంకా ప్రమాదం.

గుంత తవ్వినంత మాత్రాన ఎర్తింగ్ అయిపోదు. అల్యూమినియం ఫ్రేము మీద అనోడైజింగ్ పొర ఉంటుంది, అది కరెంటును పోనివ్వదు. మామూలు వాషరు వేసి బిగిస్తే పైకి గట్టిగానే కనిపిస్తుంది, ఎర్త్ మాత్రం అందదు. పళ్ళున్న స్టార్ వాషరు ఆ పొరను గీరి లోపలి లోహాన్ని పట్టుకుంటుంది. ఫ్రేము మీద ఎర్త్ గుర్తు వేసిన రంధ్రం విడిగా ఉంటుంది, అక్కడే బిగించాలి. రాగి తీగను నేరుగా అల్యూమినియానికి చుట్టనివ్వకండి; వానకు తడిసి ఆ అతుకును తుప్పు తినేస్తుంది. తగరం పూత ఉన్న లగ్ (తీగ చివర బిగించే లోహపు కొన) వేయించండి.

సెల్ టవర్ మాట నమ్మకండి. పిడుగు దగ్గర్లో పడినా తీగల్లో వోల్టేజి ఎగసి ఇన్వర్టర్ కాలిపోతుంది. డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి, మూడు గుంతలు ఉండాల్సిందే.

హనుమకొండ_వాసి:
మేస్త్రి గారు చెప్పిన ఒరుపు మా ఇంట్లో కళ్ళారా చూశాం. వాన పడిన ఉదయం ఇన్వర్టర్ "ఐసొలేషన్" అని, అంటే తీగల నుంచి కరెంటు లీకవుతోందని, చూపించి మొదలయ్యేది కాదు, ఎండ వచ్చాక తనంతట తానే నడిచేది. కంపెనీ మనిషి వచ్చి ఆపి, మళ్ళీ వేసి వెళ్ళిపోయేవాడు. చివరికి వేరే ఎలక్ట్రీషియన్‌తో వెతికిస్తే, ఒక ప్యానెల్ కింద తీగ ఇనుప చట్రం అంచుకు రాసుకుని పైతొడుగు తెగి ఉంది. కోతులు లాగినట్టున్నాయి. ఆ సందేశం వస్తే తేలిగ్గా తీసుకోకండి. తీగలన్నీ పైపులో వేసి, వేలాడకుండా కట్టించండి.

భీమిలి_తీరం:
సముద్రం దగ్గర ఇళ్ళవారికి నా మాట: ఉప్పుగాలికి లగ్‌లు పచ్చగా చిలుము పడతాయి. ఏటా విప్పించి, శుభ్రం చేయించి బిగించుకోవాలి. ఎర్త్ టెస్టర్‌తో కొలిపించినప్పుడు మీరు పక్కనే ఉండండి. మా ఒప్పందంలో ఎర్త్ నిరోధం 5 ఓముల లోపు ఉండాలని రాయించాను. వానాకాలంలో నేల తడిగా ఉంటుంది కాబట్టి అంకె బాగానే వస్తుంది, నడివేసవిలో వచ్చిందే నమ్మదగింది. ఈ పథకంలో 5 ఏళ్ళ నిర్వహణ బాధ్యత పెట్టినవారిదే, మొహమాటపడకండి.

పాత_లైన్‌మన్:
స్టిక్కర్ల సంగతి నేను చెబుతాను. సరఫరా పోగానే, లైనులోకి కరెంటు ఎదురు పంపకుండా, ఇన్వర్టర్ తనంతట ఆగిపోవాలి, అది నిజమే. అయినా స్తంభం ఎక్కినవాడు యంత్రాన్ని నమ్మి ప్రాణం పణం పెట్టలేడు. ఆ ఇంట్లో సోలార్ ఉందని మీటరు పెట్టె మీదే కనిపించాలి: "ఈ ఇంటికి రెండు వైపుల నుంచి కరెంటు. రెండూ ఆపి పని చేయండి."

డీసీ పెట్టె మీద, పైనుంచి దిగే పైపు పొడవునా మరొకటి: "మెయిన్ ఆపినా పగలు ఈ తీగల్లో కరెంటు ఉంటుంది." పెద్ద ప్యానెళ్ళు ఆరు వరుసగా కలిపితే 250 వోల్టులు దాటుతుంది. పైగా డీసీ నిప్పురవ్వ ఏసీలా తేలిగ్గా ఆరదు. ఇల్లు అంటుకుంటే వచ్చిన అగ్నిమాపక సిబ్బంది నీళ్ళ గొట్టం పట్టుకుని మేడెక్కుతారు. స్విచ్చి ఎక్కడుందో వాళ్ళకు మెట్ల దగ్గరే తెలియాలి.

ఖమ్మం_మేడ:
చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. లైన్‌మన్ గారూ, కాంట్రాక్టరు కాగితం స్టిక్కర్లు అంటిస్తానంటున్నాడు. సరిపోతాయా?

పాత_లైన్‌మన్:
ఇంటి లోపల సరిపోతాయి. మేడ మీద మాత్రం ఒక్క ఎండాకాలానికే వెలిసిపోతాయి. అక్షరాలు చెక్కిన పలకలు చేయించి, తీగ పైపుకు బిగింపు పట్టీలతో కట్టించండి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించండి. మీటరు దగ్గర ఒక చిన్న పటం కూడా పెట్టండి: ప్యానెళ్ళు, ఇన్వర్టర్, స్విచ్చిలు, మూడు గుంతలు ఎక్కడెక్కడ ఉన్నాయో. ఇవన్నీ అయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి.