దిద్దే కొద్దీ నా స్టూడెంట్ రాయడానికి భయపడుతోంది, ఏం చేయాలి?
డిగ్రీ పిల్లలకి వ్యాసాలు, ప్రాజెక్టు రిపోర్టులు రాయడం నేర్పుతున్నాను. ఒకమ్మాయి ఉంది, నేను అడిగితే తన వాదన రెండు ముక్కల్లో చక్కగా చెప్పేస్తుంది, కాగితం మీదకి వచ్చేసరికి మాత్రం "ఈ విషయమును పరిశీలించినచో తెలియవచ్చునది ఏమనగా" అని మొదలుపెట్టి మూడు లైన్లయినా అసలు మాటకి రాదు. మొదట్లో ఎర్ర పెన్నుతో అన్నీ దిద్దేశాను, అది నా తప్పే, తర్వాతి డ్రాఫ్ట్ సగానికి సగం తగ్గిపోయింది.

ఇప్పుడు తను చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి, అదే రాయమంటున్నాను. ప్రతి పేరా పక్కన అది ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయిస్తున్నాను. క్రమం కుదురుతోంది, కానీ వాక్యం వాక్యానికీ "ఇది కరెక్టేనా మేడం?" అని నా మొహం చూస్తుంది, చాలా బాధేస్తోంది. తన రాతని తనే నమ్మి దిద్దుకునేలా చేయడానికి మీరేం చేశారు? వ్యాకరణం తప్పులు ఎప్పుడు చెప్పాలి, వాదన కుదిరాకనా, మొదటి నుంచీనా?