టోకెన్ కట్టకముందే డాక్యుమెంట్లు ఇవ్వాలా? రీసేల్ ఫ్లాట్ల మీద చర్చ

కొండాపూర్_బయ్యర్
హైదరాబాద్‌లో రీసేల్ ఫ్లాట్ అడగ్గానే చాలామంది ఓనర్లది ఒకటే మాట: "ముందు రెండు లక్షలు టోకెన్ కట్టండి, జిరాక్సులు తర్వాత ఇస్తాం. ఈసీ ఆన్‌లైన్‌లోనే ఉంది, చూసుకోండి." (ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల జాబితా.) కాగితం చూడకుండా డబ్బెలా కడతారు? సెట్ మొత్తం ముందే ఇవ్వాలన్నది నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఓనర్_పక్షం
నేను కాదంటాను. చూడ్డానికి పదిమంది వస్తారు, కొనేది ఒక్కరు. ఇచ్చిన సెట్ సాయంత్రానికల్లా ఏజెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. సేల్ డీడ్ అంటే ఫొటో, సంతకం, వేలిముద్ర, పాన్ అన్నీ ఒక్కచోట దొరికినట్టే. అయినా జిరాక్స్ ఎందుకు? డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పేరు చెబితే సరిపోదా? రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం 1వ పుస్తకంలో (స్థిరాస్తి లావాదేవీల రిజిస్టరు) ఎక్కిన దస్తావేజు నకలు ఎవరైనా ఫీజు కట్టి తీసుకోవచ్చు. ఓనర్ ఇచ్చిన జిరాక్స్‌లో పేజీ మార్చొచ్చు, ఆఫీసు ఇచ్చే సీసీలో (సర్టిఫైడ్ కాపీ) మార్చలేరు.

దస్తావేజు_రైటర్
సీసీ మాట ఒప్పుకుంటా. ఈసీ చూస్తే చాలన్నది మాత్రం ఒప్పుకోను.

ఈసీలో వచ్చేది 1వ పుస్తకంలోని లావాదేవీలే. వీలునామా 3వ పుస్తకంలో, జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారం ఇంకొకరికిచ్చే పత్రం) 4వ పుస్తకంలో ఎక్కుతాయి. ఆ రెండు పుస్తకాలూ దారినపోయేవాళ్లకు తెరవరు. అంటే ఓనర్ తరఫున ఎవరో జీపీఏ పట్టుకుని అమ్ముతుంటే, ఆ జీపీఏ ఇంకా అమల్లో ఉందా, ఇచ్చినాయన బతికే ఉన్నాడా అన్నది ఈసీ చెప్పదు. కోర్టులో నడుస్తున్న పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా, ఇంటి పన్ను బకాయి, సొసైటీ బాకీ కూడా అందులో రావు.

ఇంకోటి, వెతికే పద్ధతి. చాలామంది డాక్యుమెంట్ నంబరు కొట్టి వచ్చిన పేజీతో సరిపెట్టుకుంటారు. ఫ్లాట్ నంబరు, ఇంటి నంబరుతో ఒకసారి, స్థలం సర్వే నంబరు లేదా ప్లాట్ నంబరుతో ఇంకోసారి, రెండు సెర్చులూ చేయాలి. బిల్డర్ తెచ్చిన లోను బిల్డింగ్ లేవకముందు స్థలం మీద పెట్టిందైతే, అది ఫ్లాట్ నంబరుకు తగలదు. ఆన్‌లైన్ రికార్డు 1983 నుంచే. అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో మాన్యువల్ సెర్చ్ పెట్టించాల్సిందే.

ఓనర్_పక్షం
రెండో సెర్చ్‌కు సర్వే నంబరు కావాలి, అది దస్తావేజులో ఆస్తి వివరాలుండే షెడ్యూల్ పేజీలో ఉంటుంది. ఆ ఒక్క పేజీ ఇస్తాం. 30 ఏళ్ల లింకులన్నీ (పాత ఓనర్ల దస్తావేజులు) ముందే ఎందుకు? బ్యాంకులే 13 ఏళ్ల ఈసీతో లోన్లు ఇస్తున్నాయిగా.

సివిల్_వకీల్
ఆ 13 ఎక్కడిదో చూడండి. స్వాధీనం కోసం దావాకు లిమిటేషన్ (దావా వేసే గడువు) 12 ఏళ్లు, దాని మీద ఒకటి కలిపారు. కానీ తనఖా విడిపించుకునే దావాకు 30 ఏళ్ల గడువుంది, ప్రభుత్వం వేసే దావాకూ అంతే. అందుకే 30 అడుగుతాం. వారసత్వంగా వచ్చిన ఆస్తైతే మరీ జాగ్రత్త. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వారసులెవరో చెబుతుంది, ఎవరి వాటా ఎంతో తేల్చదు. ఆడపిల్లల సంతకాల్లేకుండా అన్నదమ్ములే రాసిన పార్టిషన్ డీడ్ కనబడితే అక్కడే ఆగండి.

ఇక అసలు ప్రశ్న. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, కొనేవాడు అడిగితే తన దగ్గరున్న టైటిల్ కాగితాలన్నీ పరిశీలనకు చూపించడం అమ్మేవాడి బాధ్యత. తనకు తెలిసి, మామూలుగా చూస్తే బయటపడని లోపం ఉంటే అదీ చెప్పాలి.

ఓనర్_పక్షం
వకీల్ గారూ, ఆ సెక్షన్‌లో "కొనేవాడు" ఎవరండీ? ఒప్పందమే లేనప్పుడు ఇల్లు చూడ్డానికొచ్చిన ప్రతివాడూ కొనేవాడేనా?

సివిల్_వకీల్
మంచి ప్రశ్నే. ఒప్పందం ముందు ఆ సెక్షన్‌తో బలవంతపెట్టడం కష్టం. కానీ చూపించనన్న ఓనర్‌కు టోకెన్ కట్టమని ఏ చట్టమూ చెప్పలేదు.

ప్యానెల్_వాల్యూయర్
అందరూ ఓసీని (బిల్డింగ్ పూర్తయ్యాక కార్పొరేషన్ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వదిలేశారు. జీహెచ్ఎంసీ పరిధిలో పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్టప్ ఏరియాలో 10 శాతం కార్పొరేషన్‌కు తనఖా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే వదులుతారు. ఆ పది శాతం ఎక్కువగా కింది అంతస్తుల్లోనే చూపిస్తారు. కాబట్టి ఓసీ కాపీ, శాంక్షన్ ప్లాన్ తీసుకుని, ప్లాన్‌లో ఆ ఫ్లాట్ అసలు ఉందో లేదో చూడండి. పెంట్‌హౌస్ అయితే సగం సార్లు ఉండదు. "ఓసీకి అప్లై చేశాం" అన్న మాట మీద పదేళ్లుగా చేతులు మారుతున్న ఫ్లాట్లున్నాయి ఊళ్లో.

ఓనర్‌కు హోమ్‌లోన్ ఉంటే ఒరిజినల్స్ బ్యాంకులో ఉంటాయి. అప్పుడు అడగాల్సింది బ్యాంకు ఇచ్చే డాక్యుమెంట్ల జాబితా, ఫోర్‌క్లోజర్ లెటర్ (అప్పు తీర్చేయడానికి ఎంత కట్టాలో చెప్పే లేఖ). జాబితాలో లేని లింక్ తర్వాత ఎక్కడినుంచీ ఊడిపడదు. అప్పు మొత్తం తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్స్ ఇవ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం, 2023 డిసెంబర్ నుంచి ఆర్బీఐ రూలు. లోను లేదంటే మాటతో వదలొద్దు. కాగితాలు బ్యాంకులో ఊరికే డిపాజిట్ చేసి తెచ్చిన అప్పు రిజిస్టర్ చేయకపోతే ఈసీలో రాదు. సెర్సాయ్ (బ్యాంకు తనఖాల కేంద్ర రిజిస్ట్రీ) సైట్‌లో కొద్ది ఫీజుతో వెతికితే దొరికే అవకాశం ఉంది.

కొండాపూర్_బయ్యర్
సరే, సెట్ మొత్తం అన్నది కొంచెం తగ్గించుకుంటా. టోకెన్‌కు ముందు షెడ్యూల్ పేజీ, డాక్యుమెంట్ నంబర్లు, ఓసీ, తాజా ట్యాక్స్ రసీదు. మిగతావి ఓనర్ ఇంట్లోనే కూర్చుని చూస్తాం. ఇదైతే ఓకేనా?

దస్తావేజు_రైటర్
ఓకే. ఇచ్చే ప్రతి పేజీకీ అడ్డంగా "ఫలానా వారికి, ఫలానా తేదీన, పరిశీలనకు మాత్రమే" అని రాయండి, ఆధార్ నంబర్లో చివరి నాలుగంకెలే కనబడనివ్వండి. ఓనర్ల భయం సగం అక్కడే పోతుంది.

సివిల్_వకీల్
టోకెన్ రసీదులో ఈ వాక్యం ఉండాలి: "లీగల్ ఒపీనియన్‌లో టైటిల్ లోపం తేలినా, అమ్మకందారు అడిగిన డాక్యుమెంట్లు 15 రోజుల్లో చూపించకపోయినా టోకెన్ మొత్తం 7 రోజుల్లో వాపసు." చెక్కో, బ్యాంకు ట్రాన్స్‌ఫరో చేయండి. ఆస్తి అమ్మకానికి 20,000, ఆపైన నగదుగా తీసుకోకూడదు, తీసుకున్నంతా పెనాల్టీగా కట్టాల్సి రావొచ్చు, అదీ తీసుకున్నవాళ్లే. ధర 50 లక్షలు, అంతకు మించితే 1 శాతం టీడీఎస్ కొనేవాళ్లు పట్టుకోవాలి. ఓనర్ ఎన్నారై అయితే ఆ 1 శాతం లెక్క చెల్లదు, ముందు ఆడిటర్ని కలవండి.

ఓనర్_పక్షం
రసీదు సరే. 15 రోజులు మాత్రం ఒప్పుకోను. 1983కు ముందు లింకు అడిగితే మాన్యువల్ సెర్చ్ ఎప్పుడు చేతికొస్తుందో మా చేతుల్లో లేదు. ఆ ఒక్క కాగితానికి 30 రోజులు రాయండి.

కొండాపూర్_బయ్యర్
30 రాస్తాం. ఆ 30 రోజులూ ఫ్లాట్ ఇంకెవరికీ చూపించబోమని మీరూ రాయండి.