సంధి, మెదడువాపు, స్కిజోఫ్రీనియా: ఏది ఎక్కడ వాడాలి? (మాట్లాడేవారిని వారి ఊరి పేర్లతో రాశాం.)

తణుకు: "ఫ్లూ సోకినవారిలో స్కిజోఫ్రీనియా లక్షణాలు" అని ఒక వ్యాసంలో రాయాలండి. జ్వరం తలకెక్కి ఏదేదో మాట్లాడితే మనవైపు సంధి ప్రేలాపన అంటాం కదా, ఆ మాటే వేసేస్తే?

కాకినాడ: వద్దండి. సంధి అంటే డెలీరియం. కాసేపు తెలివిగా ఉంటాడు, కాసేపట్లో మనిషినే పోల్చుకోడు, పొద్దు వాలితే ముదురుతుంది. లేనివి కళ్ళకు కనబడతాయి. స్కిజోఫ్రీనియా దీర్ఘకాలం సాగే మానసిక రోగం. అందులో తెలివి నిలకడగానే ఉంటుంది, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడటమే ఎక్కువ. వారాలు శనివారం నుంచి వెనక్కి చెప్పించి చూడండి, సంధిలో ఉన్నవాడు మధ్యలోనే దారి తప్పుతాడు. ఇదొక్కటీ చూసి తేల్చెయ్యకూడదు లెండి.

భీమవరం: 1918 ఫ్లూ తర్వాత బోస్టన్‌లో మానసిక వైద్యుడు కార్ల్ మెనింజర్ రాసిన కేసుల్లో రెండు రకాలూ ఉన్నాయి. కొన్నేళ్ళకు వాళ్ళను మళ్ళీ చూసి ఆయన 1926లో రాసినదాని ప్రకారం, స్కిజోఫ్రీనియాలా కనబడినవాళ్ళలో చాలామంది కోలుకున్నారు. అందుకే "స్కిజోఫ్రీనియాను పోలిన లక్షణాలు" అనాలి. "పోలిన" తీసేస్తే రోగం పేరే మారిపోతుంది.

అమలాపురం: మెదడువాపును మరిచిపోతున్నారు. వరిచేల నీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసే జపనీస్ రకం మనకు తెలిసిందే. హెర్పిస్ రకం కణతల లోపలి మెదడును పట్టుకుంటుంది: లేని వాసనలు, మతిమరపు, మనిషి తీరే మారిపోవడం, ఫిట్స్. పిచ్చి అనుకుని ఆలస్యం చేస్తే నష్టం. పెద్దవాళ్ళకు ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు నరంలోకి, కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున 8 గంటలకోసారి, 14 నుంచి 21 రోజులు. మూత్రపిండాలు దెబ్బతినకుండా సెలైన్ కూడా. తగ్గిన కొన్ని వారాలకు భ్రమలు మళ్ళీ వస్తే, అది వైరస్సే కానక్కర్లేదు. ఒంట్లోని యాంటీబాడీలే మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద పడొచ్చు. వెన్నునీరు పరీక్షించాలి. వైరస్ లేకపోతే ఎసైక్లోవిర్ పొడిగించి లాభం లేదు, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ కావాలి. కాబట్టి "వైరస్ వల్ల", "వైరస్ తర్వాత" ఒకటి కాదు.

కాకినాడ: ఇంకో మెలిక. 1957 ఫ్లూ మీద హెల్సింకీ జనాభాతో 1988లో వచ్చిన పరిశీలనలో ఫ్లూ వచ్చిన కాలం తల్లికి గర్భం నడిమి మూడు నెలలు, స్కిజోఫ్రీనియా వచ్చింది పెరిగి పెద్దయిన బిడ్డకు. తర్వాతి పరిశీలనల్లో కొన్నే దాన్ని బలపరిచాయి. అక్కడ "సోకినవారిలో" అంటే తప్పు.

తణుకు: ఆయ్, నా దగ్గరున్నది గర్భిణుల సంగతేనండి. "గర్భంతో ఉండగా తల్లికి ఫ్లూ సోకితే, పుట్టిన బిడ్డకు పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా ముప్పు పెరగవచ్చని కొన్ని పరిశీలనలు" అంటే?

భీమవరం: సరిపోయింది. "కొన్ని" మాత్రం కొట్టెయ్యకండి.