అప్‌డేట్: పాపకు ఆకుపచ్చ చీమిడి, యాంటీబయాటిక్ లేకుండానే తగ్గుతోంది

మా మూడేళ్ల పాపకు జలుబు, దగ్గు, ముక్కు నుంచి ఆకుపచ్చ చీమిడి వస్తున్నాయి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. చాలా టెన్షన్‌లో ఉన్నాం, మీ మాటలతో ధైర్యం వచ్చింది.

పిల్లల డాక్టర్‌కి చూపించాం. గొంతు, చెవులు చూశాక, గౌను పైకెత్తి పూర్తిగా ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టారు. ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు నిమిషానికి 40 లేదా అంతకు మించితే న్యుమోనియా ఉందేమో చూడాలట. పాపకు తక్కువే ఉంది, పక్కటెముకల కింద లోపలికి గుంట పడటమూ లేదు. వైరస్ జలుబేనని, చీమిడి రంగును బట్టి బ్యాక్టీరియా అని తేల్చలేమని చెప్పారు. యాంటీబయాటిక్ రాయలేదు.

ముక్కులో సెలైన్ చుక్కలు, జ్వరానికి బరువును బట్టి పారాసెటమాల్, రాత్రి కాస్త తేనె. ఏడాది లోపు పిల్లలకైతే తేనె అసలు పెట్టకూడదు. మా అమ్మ ఆవిరి పట్టమంది కానీ, వేడినీళ్లు ఒలికితే ఒళ్లు కాలుతుందని డాక్టర్ వద్దన్నారు. ఇంట్లో ఉన్న జలుబు సిరప్ కూడా పక్కన పెట్టించారు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని 2023లోనే కేంద్రం చెప్పింది. దయచేసి మీ ఇంట్లో సీసాల లేబుళ్లు ఒకసారి చూడండి.

ఇప్పుడు జ్వరం లేదు, చారన్నం తింటోంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు ఉండొచ్చట. ఆయాసం, చెవినొప్పి, తగ్గిన జ్వరం మళ్లీ రావడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే తీసుకురమ్మన్నారు.