సూర్యలంక వైపు సైకిల్ రైడ్: ఇసుక దారికి ఏ టైర్లు మంచివి?

నమస్తే. మాది హనుమకొండ. ఆదివారాలు పాకాల చెరువు దాకా, ఒక్కోసారి రామప్ప దాకా సైకిళ్ల మీద పోయే చిన్న గుంపు మాది. సంక్రాంతి సెలవుల్లో వరంగల్ నుంచి కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో బాపట్ల చేరి, సూర్యలంక బీచ్ చూసి, పల్లె దారుల్లో చీరాల దగ్గరి వాడరేవుకు వెళ్లాలని ఉంది. 216 జాతీయ రహదారి మీద లారీల మధ్య పోవడం నాకు అస్సలు ఇష్టం లేదు.

తారు రోడ్డు, మొరం బాట మాకు అలవాటే. ఇసుకే టెన్షన్. మాలో సగం మందివి 32 మిల్లీమీటర్ల టైర్లు. గాలి తగ్గిస్తే సరిపోతుందా, వెడల్పు టైర్ల సైకిళ్లు అద్దెకు తెచ్చుకోవాలా? ఎదురుగాలి పెరగకముందే వాడరేవు చేరాలంటే ఎన్నింటికి బయల్దేరాలి? ఉప్పుగాలికి చైన్ తుప్పు పట్టకుండా మీరేం చేస్తారు?

అటువైపు వాళ్లెవరైనా ఉంటే, దారిలో కాలువలు అడ్డొచ్చే చోట్లు తప్పకుండా చెప్పండి. మాతో పదో తరగతి పిల్లలు కూడా వస్తున్నారు.