"నా కుడిచేయి తన నేర్పు మరచును గాక": ఏ నేర్పు?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. తెలుగు బైబిలులో 137వ కీర్తన అయిదో వచనం ఇలా ఉంది: "యెరూషలేమా, నేను నిన్ను మరచినయెడల నా కుడిచేయి తన నేర్పు మరచును గాక." చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఈమధ్య ఒక వ్యాసంలో ఇదే మాట "నా కుడిచేయి ఎండిపోవును గాక" అని కనిపించింది. నేర్పు మరవడం వేరు, చేయి ఎండిపోవడం వేరు కదా. హీబ్రూలో ఉన్నదేమిటి? అయినా ఊరిని మరిచిపోతే శిక్ష చేతికి ఎందుకు? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

జవాబు:
అమ్మా, హీబ్రూలో నేర్పూ లేదు, ఎండిపోవడమూ లేదు. "ఇమ్ ఎష్కాఖేఖ్ యెరూషలాయిమ్, తిష్కఖ్ యెమీనీ." నిన్ను నేను మరిస్తే, మరచుగాక నా కుడిచేయి. అంతే. దేన్ని మరవాలో కవి చెప్పలేదు, క్రియకు కర్మ లేదు. రెండు చోట్లా ధాతువు ఒకటే. మనవాళ్లు "మరచినయెడల... మరచును గాక" అంటూ ఆ ఎదురుదెబ్బను చక్కగా నిలబెట్టారు. వాక్యం గాలిలో వేలాడకుండా "తన నేర్పు" చేర్చారు. పాత ఇంగ్లీషు అనువాదంలోనూ ఇలాంటి చేర్పే ఉంది. "ఎండిపోవును" అన్నవాళ్లది వేరే దారి. మూలంలో అక్షరాలు తారుమారయ్యాయని ఊహించి, క్షీణించడం అనే అర్థమిచ్చే ధాతువును అక్కడ పెట్టి చదివారు. నాకు ఆ సవరణ రుచించదు. కవి కావాలని పెట్టిన మరుపును తీసేసి రోగం పెట్టినట్టుంది.

ఇక చేయి సంగతి. క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు సేన యెరూషలేమును, ఆలయాన్ని నాశనం చేసి యూదా జనాన్ని పట్టుకుపోయింది. కీర్తనలో ఆ బందీలు నదుల ఒడ్డున కూర్చుని ఏడుస్తారు, సితారాలను చెట్లకు తగిలిస్తారు. చెరపట్టినవాళ్లు వచ్చి మీ సీయోను (యెరూషలేము కొండ) పాట ఒకటి పాడండి అంటారు. వినోదానికి! "అన్యుల దేశములో యెహోవా కీర్తనలు మనమెట్లు పాడుదుము?" అన్నది దానికి జవాబు. వెంటనే వస్తుంది ఈ ఒట్టు. చేయి మరచుగాక, ఆ తర్వాతి వచనంలో "నా నాలుక నా అంగిటికి అంటుకొనును గాక". తీగ మీటేది కుడిచేయి, పాడేది నాలుక. అంటే ఇది పాటగాడి ఒట్టు. నిన్ను మరిచి వీళ్ల ముందు కచేరీ చేస్తే నా విద్య నాకు లేకుండా పోనీ అంటున్నాడు. మనవాళ్లు "నీ చేతులు పడిపోను, నీ నోరు పడిపోను" అని ఎదుటివాణ్ని తిడతారు. ఈయన తనను తానే శపించుకుంటున్నాడు. చేయి బాగానే ఉండి విద్య గుర్తురాకపోవడం ఎంత ఘోరమో కర్ణుడి కథ తెలిసినవాళ్లకు చెప్పనక్కర లేదు. కాబట్టి మూలంలో లేకపోయినా "నేర్పు" సరైన చోటే పడింది.

అడిగినవారు:
ధన్యవాదాలు మాస్టారూ. ఇంకొక్క సందేహం. పారసీక రాజు కోరెషు వాళ్లను తిరిగి వెళ్లనిచ్చాడుగా. చెర తీరిపోయాక కూడా ఈ పాట ఎందుకు బతికింది?

జవాబు:
తీరలేదు కాబట్టి. క్రీ.పూ. 538 ప్రాంతంలో కోరెషు అనుమతిస్తే కొందరే వెళ్లారు. చాలామంది బబులోనులోనే ఉండిపోయారు. చెర అనగానే మనకు జైలు తోస్తుంది కానీ వాళ్లున్నది జైల్లో కాదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అని యిర్మీయా ప్రవక్త వాళ్లకు ఉత్తరమే రాశాడు. యూదుల ధర్మచర్చల గ్రంథం తల్మూదు. తరవాతి శతాబ్దాల్లో పెద్ద తల్మూదు రూపుదిద్దుకున్నది కూడా అక్కడే. సుఖంగా ఉన్నా సొంతచోటు కాదు అనే స్థితికి వాళ్లు వాడే మాట గాలూత్.

తిరిగి కట్టుకున్న ఆలయాన్ని క్రీ.శ. 70లో రోమనులు కూల్చారు. 135లో రోమనుల మీద బార్ కోఖ్బా నడిపిన తిరుగుబాటు అణిగాక యెరూషలేములోకి యూదులు అడుగు పెట్టకూడదన్నారు, దాని పేరు కూడా మార్చారు. ఇక పరదేశాల వరస: 1290లో ఇంగ్లండు వెళ్లగొట్టింది, 1306లో ఫ్రాన్సు, 1492లో స్పెయిను. వెనిస్ వెళ్లగొట్టలేదు, 1516లో ఒక దీవిలో ఉంచి రాత్రిళ్లు తలుపులు మూసింది. ఘెట్టో అనే మాట పుట్టింది ఆ పేటలోనే. స్పెయిను నుంచి తరిమేయడానికి మూడు వందల యాభై ఏళ్ల ముందే, అక్కడ వైభవంగా బతుకుతున్న కవి యెహూదా హలేవి తన హృదయం తూర్పున ఉంది, తాను పడమటి చివరన ఉన్నాను అని రాసుకున్నాడు. ముసలితనంలో ఓడెక్కి తూర్పుకు బయలుదేరాడు కూడా.

ఈ వచనాన్ని వాళ్లు పుస్తకంలో వదిలేయలేదు. చాలా పెళ్లిళ్లలో వరుడు గాజుగ్లాసును కాలితో పగలగొట్టే ముందు ఈ మాటలే అంటాడు. పెళ్లి సంతోషం కన్నా యెరూషలేమును "హెచ్చుగా ఎంచడం" అంటే అది. ఆరో వచనం చూడండి.

మరొకరు:
మాస్టారు చెప్పినదానికి ఒక కొసరు. ఈ ఒట్టు రాజకీయ సభలో కూడా వినిపించింది. 1903 ఏప్రిల్‌లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్‌లో అల్లరిమూకలు 49 మంది యూదులను చంపాయి. యూదులకు సొంతదేశం కావాలనేది జియోనిస్టు ఉద్యమం. ఆగస్టులో బాసెల్‌లో జరిగిన ఆరో జియోనిస్టు మహాసభలో ఆ ఉద్యమ నాయకుడు థియొడోర్ హెర్జల్ యూదుల కోసం బ్రిటిష్ ప్రభుత్వం ఇవ్వజూపిన తూర్పు ఆఫ్రికా భూమి గురించి చెప్పాడు. "ఉగాండా పథకం" అంటారు గానీ ఆ నేల ఇప్పటి కెన్యాలో ఉంది. హెర్జల్ సహచరుడు మాక్స్ నోర్డౌ దాన్ని రాత్రి తలదాచుకునే చోటు అన్నాడు. పరిశీలక బృందాన్ని పంపుదామని 295 మంది, వద్దని 178 మంది ఓటేశారు. వద్దన్నవాళ్లలో ఎక్కువమంది రష్యా నుంచి వచ్చినవాళ్లే, కిషినేవ్ ప్రతినిధులతో సహా! కత్తి మెడ మీద ఉన్నవాళ్లే ఆశ్రయం వద్దన్నారు. సభ నుంచి లేచిపోయి, ఆలయం కూలినందుకు ఏటా చేసే సంతాపంలోలాగా నేలమీద కూర్చుని ఏడ్చారు. సభ ముగింపులో హెర్జల్ కుడిచేయి ఎత్తి, హీబ్రూలో ఈ వచనమే చెప్పి వాళ్లను ఊరడించవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఆయన పోయాడు, 1905 సభ ఆ పథకాన్ని తోసిపుచ్చింది.

ఆ 178 మందిది మొండితనం అనడం తేలిక. 1938లో ఫ్రాన్సులోని ఏవియాన్‌లో 32 దేశాలు కూర్చుని, హిట్లరు నుంచి పారిపోతున్న యూదులకు తలుపులు దాదాపు తెరవనే లేదని తెలిశాక, రాత్రి ఆశ్రయమైనా ఉండవలసిందనిపిస్తుంది. అయితే ఆ నేల మాత్రం ఖాళీదా? మాసాయి, నాందీ ప్రజలు ఎరిగిన నేల.

ఇంకొకరు:
ఖాళీ నేల మాట వచ్చింది కాబట్టి అంటున్నాను. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు దాదాపు ఏడు లక్షల పాలస్తీనియన్లు ఇళ్లు పోగొట్టుకున్నారు. వాళ్లూ వదిలొచ్చిన ఊళ్ల పేర్లు పిల్లలకు నేర్పుతున్నారు. యూదుల బాధ నిజం, ఇదీ నిజం. ఈ కీర్తనను పాడేవాళ్లు చాలామంది ఆరో వచనం దగ్గరే ఆపేస్తారు. తొమ్మిదో వచనం బబులోను పసిపిల్లలను బండకు కొట్టేవాడు ధన్యుడు అంటుంది. చర్చ పెట్టినప్పుడు అది కూడా చదవాలి.

జవాబు:
నిజమే, చదవాలి. అనువాదకులు దాన్ని మెత్తబరచకుండా ఉన్నదున్నట్టు రాశారు, అందుకు మెచ్చుకోవాలి. దోచుకోబడినవాళ్ల కోపం అలాగే ఉంటుంది, దాన్ని ఆజ్ఞగా తీసుకున్నవాడిదే తప్పు.

అడిగినవారు:
చివరిగా, రెండో వచనంలో సితారాలు తగిలించిన "నిరవంజిచెట్లు" ఏవి?

జవాబు:
విల్లో అని అర్థం చేసుకుని పెట్టిన మాట. ఆ ఏటి ఒడ్డున ఉండేవి యూఫ్రటీసు పోప్లార్ చెట్లని వృక్షశాస్త్రజ్ఞులు అంటారు. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఈ కీర్తనను మనసులో పెట్టుకుని కొమ్మలు వేలాడే విల్లోకు సాలిక్స్ బాబిలోనికా అని పేరు పెట్టాడు. తీరా చూస్తే ఆ చెట్టుది చైనా.